రాతిలో పుర్రె, పేరులో పేచీ: అంతరించిన సముద్ర సరీసృపాన్ని ఎలా గుర్తిస్తారు?

ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని డార్సెట్‌లో, గోల్డెన్ క్యాప్ అనే కొండచరియ దగ్గర 2001లో ఒక శిలాజ సేకర్తకు అస్థిపంజరం దొరికింది. పొడవు దాదాపు మూడు మీటర్లు. పెద్ద కంటి గుంత, కత్తిలా సాగిన ముక్కు. చాలా శిలాజాల్లాగా రాతి పొరల బరువుకు అప్పడంలా అణగకుండా, ఎముకలు తమ అసలు గుండ్రదనాన్ని నిలుపుకున్నాయి. కెనడాలోని రాయల్ ఒంటారియో మ్యూజియం దాన్ని తెచ్చుకుంది. అది ఇక్తియోసార్ అనే రకం సముద్ర సరీసృపం. 2025 అక్టోబరులో దానికి జిఫోడ్రాకాన్ గోల్డెన్‌క్యాపెన్సిస్ అనే పేరు వచ్చింది. కొత్త జాతిని కనుగొన్నారని వార్తలు రాశాయి.

కనుగొన్నది 2001లో. 2025లో జరిగిన పని వేరు. శిలాజం చేతికి రావడానికీ, దానికి పేరు రావడానికీ మధ్య ఇరవై నాలుగేళ్ళు గడిచాయి. ఈ రంగంలో అది పెద్ద ఆలస్యమేమీ కాదు. ఈ మధ్యకాలంలో ఏం చేస్తారు, ఒక పుర్రెను చూసి ఇది ఫలానా జాతి అని ఎలా చెబుతారు, అలా చెప్పినదాన్ని మరొకరు ఎందుకు కాదంటారు అన్నవి వార్తల్లో అంతగా కనిపించని సంగతులు.

జాతి పేరు ఒక వాదన

ముందుగా ఒక సవరణ. చాలామంది డైనోసార్లని అనుకునే ఇక్తియోసార్లు (డాల్ఫిన్ ఆకారంవి), ప్లీసియోసార్లు (తెడ్డుల్లాంటి నాలుగు కాళ్ళవి), మోససార్లు (పెద్ద బల్లుల్లాంటివి) డైనోసార్లు కావు. డైనోసార్ల కాలంలోనే సముద్రాల్లో బతికిన వేరువేరు సరీసృప వంశాలవి. మోససార్లయితే బల్లులు, ఉడుములు, పాములు ఉన్న వర్గానికే చెందుతాయి. సినిమా ప్రచారాలు ఎంత చెప్పినా ఈ బంధుత్వం మారదు.

ఇక జాతి సంగతి. బతికున్న జంతువుల విషయంలో, తమలో తాము కలిసి సంతానాన్ని కనగలిగేవన్నీ ఒకే జాతి అన్నది పాఠ్యపుస్తకాల నిర్వచనం. పది కోట్ల ఏళ్ళ కిందటి జంతువులకు ఈ పరీక్ష పెట్టలేం. మనకు మిగిలింది ఎముకల ఆకారం ఒక్కటే. కాబట్టి శిలాజ జాతి అంటే, ఈ ఎముకలకూ ఇప్పటిదాకా తెలిసిన ఎముకలకూ మధ్య ఉన్న తేడా రెండు జాతుల మధ్య ఉండదగినంత పెద్దదని ఎవరో చేసిన వాదన. ఆ వాదన నిలవవచ్చు, వీగిపోవచ్చు.

శాస్త్రీయ నామంలో రెండు మాటలుంటాయి. మొదటిది ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు పేరు. రెండోది జాతిని సూచిస్తుంది. పేరు పెట్టేవారు రెండు పనులు చేసి తీరాలి. ఒక నమూనాను ఎంచి, ఈ పేరు దీనికే అతుక్కుని ఉంటుందని ప్రకటించాలి. దాన్ని హోలోటైప్ అంటారు. ఆ జాతిని మిగతావాటినుంచి వేరు చేసే నిర్ధారణ లక్షణాలను కూడా రాయాలి. హోలోటైప్ అందరికన్నా ముందు దొరికినదే కానక్కర్లేదు, అన్నిటికన్నా చక్కగా ఉన్నదీ కానక్కర్లేదు. దస్తావేజులో హద్దురాయిలాంటిది. భూమి ఎవరిదన్న తగాదా వచ్చినప్పుడు అందరూ వెళ్ళి చూసేది ఆ రాయినే.

మొదటి ప్రశ్న: ఇది ఏ గుంపు జంతువు?

జాతిదాకా వెళ్ళకముందే, పుర్రె ఏ పెద్ద గుంపుదో తేల్చాలి. నిజానికి ఇది అన్నిటికన్నా సులువైన అంచె. అనుభవమున్న కళ్ళకు కొన్ని నిమిషాల పని. కళ్ళ వెనక, కణతల దగ్గర దవడ కండరాల కోసం పుర్రెలో ఉండే ఖాళీలను మొదట చూస్తారు. సముద్రపు మొసళ్ళకు ప్రతి పక్కా రెండు కణత రంధ్రాలు. ఇక్తియోసార్లకూ ప్లీసియోసార్లకూ పైన ఒక్కటే. మోససార్లకు పై రంధ్రం పూర్తిగా ఉంటుంది, కింది రంధ్రానికి అడుగు గట్టు ఉండదు. బల్లులలో కనిపించే తీరు ఇదే. తాబేలు పుర్రెలో ఇలాంటి రంధ్రాలు కనిపించవు, పళ్ళూ ఉండవు.

తర్వాత ముక్కు రంధ్రాలు. మొసలికి అవి మూతి చివర ఉంటాయి. ఇక్తియోసార్‌లో కళ్ళకు కాస్త ముందు, దాదాపు కంటి గుంతను ఆనుకుని ఉంటాయి. ఆ కంటి గుంతలో చిన్న చిన్న ఎముక పలకలు పువ్వు రేకుల్లా వలయంగా పేర్చి ఉంటే అనుమానం ఇంకా తగ్గుతుంది. ఆ పలకల వలయం ఇతర సరీసృపాల్లోనూ ఉంటుంది గానీ, ఇక్తియోసార్‌లో అది పుర్రెలో ఎంతో భాగాన్ని ఆక్రమిస్తుంది. టెమ్నోడోంటోసారస్ అనే ఇక్తియోసార్ కంటి వ్యాసం పాతిక సెంటీమీటర్లు దాటింది.

పళ్ళు మరో ఆధారం. చాలా ఇక్తియోసార్ల పళ్ళు విడివిడి గుంతల్లో కాక, దవడ పొడవునా ఉన్న గాడిలో వరుసగా నిలబడతాయి. ప్లీసియోసార్ల పళ్ళకు వేటి గుంత వాటికి ఉంటుంది. మోససార్ పన్ను కిందిభాగం ఉబ్బి, ఎముకలాంటి పదార్థంతో దవడకు అతుక్కుపోయి ఉంటుంది. పై అంగిట్లో లోపలివైపు ఇంకో రెండు వరుసల పళ్ళు కూడా ఉంటాయి.

ఇంతవరకు హాయిగా సాగుతుంది. మోసం చేసేది మూతి ఆకారమే. చేపలను పట్టుకోవడానికి సన్నని పొడవాటి మూతి చాలా అనుకూలం. అందుకే ఇక్తియోసార్లకూ, కొన్ని ప్లీసియోసార్లకూ, ఘరియల్ మొసలికీ, డాల్ఫిన్లకూ అది విడివిడిగా ఏర్పడింది. ఒకే పని చేసే పనిముట్లు ఒకేలా ఉంటాయి, వాటిని చేసిన కమ్మరులు వేరైనా. మొత్తం రూపాన్ని చూసి తీర్పు చెప్పేవారు ఇక్కడే బోల్తా పడతారు. 1811లో ఇంగ్లండ్‌లోని లైమ్ రీజిస్ తీరంలో జోసెఫ్ ఆనింగ్ ఒక పెద్ద పుర్రెను గుర్తించాడు. మరుసటి ఏడు అతని చెల్లెలు మేరీ మిగతా ఎముకలను వెలికి తీయించింది. అందరూ దాన్ని మొసలి అన్నారు. 1814లో దాన్ని వర్ణించిన ఆంగ్ల వైద్యుడు ఎవరార్డ్ హోమ్‌కు అది చేపకు దగ్గరో, సరీసృపానికి దగ్గరో ఎటూ తేలలేదు. ఇప్పుడు దాన్ని టెమ్నోడోంటోసారస్ ప్లాటియోడాన్ అంటున్నారు. అందులో మొదటి మాట 1889లో గాని రాలేదు.

మాస్ట్రిక్ట్ పుర్రె: తిమింగలం నుంచి ఉడుము దాకా

గుర్తింపు అంచెలంచెలుగా ఎలా సాగుతుందో చూడాలంటే, నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ పుర్రెను మించిన కథ లేదు. ఊరి పక్కనున్న సున్నపురాయి గనుల్లో 1760లలో ఒక పెద్ద పుర్రె బయటపడింది. అది ఇప్పుడు హార్లెమ్‌లోని టైలర్స్ మ్యూజియంలో ఉంది. కొన్నేళ్ళకు అదే గనుల్లో రెండో పుర్రె దొరికింది. 1794లో ఫ్రెంచి సేనలు మాస్ట్రిక్ట్‌ను పట్టుకున్నాక ఈ రెండోది పారిస్‌కు చేరింది. దాచిపెట్టిన పుర్రెను తెచ్చిచ్చిన సైనికులకు ఆరు వందల సీసాల వైన్ బహుమానం దక్కిందని ఒక కథ ఉంది. కథగా బాగుంటుంది గానీ చరిత్రకారులు దాన్ని అంతగా నమ్మరు.

అది ఏ జంతువు? మొసలి అన్నారు కొందరు. 1786లో డచ్చి శరీరనిర్మాణ శాస్త్రవేత్త పీటర్ కాంపర్ అది మొసలి కాదు, పళ్ళున్న తిమింగలం అన్నాడు. 1799లో ఫ్రెంచి భూవిజ్ఞాని ఫోజా ద సాన్‌ఫాన్ మళ్ళీ మొసలి అన్నాడు. అదే ఏడు కాంపర్ కొడుకు ఆడ్రియాన్, తండ్రి పరిశీలించిన ఎముకలనే మళ్ళీ చూసి, ఇది ఉడుములకు దగ్గరి జంతువు అని తేల్చాడు. తండ్రి మాటను కాదనడానికి ఎముకలను మించిన ధైర్యం ఇంకెక్కడ దొరుకుతుంది! 1808లో ఫ్రెంచి శరీరనిర్మాణ శాస్త్రవేత్త జార్జ్ క్యువియే ఈ తీర్పును బలపరిచాడు.

ఎవరి వాదం ఎందుకు నిలిచిందో ఎముకల్లోనే చూడవచ్చు. తిమింగలం క్షీరదం. క్షీరదాలలో కింది దవడ ప్రతి పక్కా ఒకే ఎముక. మాస్ట్రిక్ట్ దవడలో అనేక ఎముకలు అతుకులతో కలిసి ఉన్నాయి. తిమింగలం అన్న వాదం అక్కడితో పోయింది. అంగిట్లో పళ్ళున్నాయి. మొసళ్ళకు అవి ఉండవు. మొసలి వాదమూ పోయింది. పుర్రె మొత్తం ఉడుము పుర్రెను పోలి ఉంది గానీ ఉడుముకు అంగిటి పళ్ళు లేవు, ఇగ్వానాలకు ఉన్నాయి. అందుకే క్యువియే దాన్ని ఉడుములకూ ఇగ్వానాలకూ నడుమ ఉంచాడు. ఒక్కో ఎముక ఒక్కో అవకాశాన్ని కొట్టివేస్తూ పోతే మిగిలినది ఈ సమాధానం. గుర్తింపులో ఎక్కువ భాగం ఇలా కొట్టివేతే.

ఇన్ని జరిగినా దానికి పేరు లేదు. 1822లో ఆంగ్ల భూవిజ్ఞాని విలియం కానిబేర్ మోససారస్ అన్నాడు. మాస్ట్రిక్ట్ పక్కన పారే మ్యూజ్ నదికి లాటిన్‌లో మోస అని పేరు. 1829లో గిడియన్ మాంటెల్ రెండో మాట చేర్చాడు, మాస్ట్రిక్ట్ శిలాజాలను సేకరించిన వైద్యుడు హోఫ్‌మన్ పేరు మీద. అలా మోససారస్ హోఫ్‌మన్ని పూర్తయింది. హోలోటైప్ అయినది మొదట దొరికిన పుర్రె కాదు, పారిస్‌లో ఉన్న రెండోది.

ఒక ఊహా పుర్రెతో లెక్క చేసి చూద్దాం

అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, ఒకప్పుడు లోతట్టు సముద్రం నిలిచిన చోట ఏర్పడిన సున్నపురాయిలో ఒక మీటరు పొడవున్న పుర్రె దొరికిందని అనుకుందాం. గుంపు తేలడానికి ఎంతోసేపు పట్టదు. అంగిటి పళ్ళు, దవడ మధ్యలో అదనపు కీలు, దవడకు అతుక్కున్న పళ్ళు ఉన్నాయి కాబట్టి మోససార్.

తర్వాతి అంచె ప్రజాతి. పై మూతి కొసన ఉండే ప్రీమాక్సిల్లా ఎముకను చూస్తాం. మొదటి పన్నుకు ముందు, పళ్ళు లేని ఎముక బొడిపె ఒకటి ముందుకు పొడుచుకు వచ్చింది. ఇది టైలోసారస్ గుర్తు. ఆ పేరులోని టైలోస్ అంటే బొడిపె అనే అర్థం. మోససారస్‌లో పళ్ళు దాదాపు మూతి చివరినుంచే మొదలవుతాయి. ఆ పక్కనున్న ప్రధాన పై దవడ ఎముకలో పళ్ళ గుంతలు లెక్కపెడతాం. పన్నెండు. టైలోసారస్‌లో పన్నెండో పదమూడో ఉంటాయి కాబట్టి ఇదీ సరిపోయింది. పన్ను ఊడిపోయినా గుంత మిగులుతుంది. అందుకే పళ్ళకన్నా గుంతల లెక్కను నమ్ముతారు.

ఇప్పుడు అసలు చిక్కు: టైలోసారస్‌లో ఏ జాతి? కాన్సస్‌లో అమెరికన్ శిలాజ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ కోప్ పేరు పెట్టినవే రెండున్నాయి. ఒకటి 1869 నాటి ప్రోరైగర్, రెండోది 1874 నాటి నెపియోలికస్. ఇక్కడ తేడాలు కంటికి కొట్టొచ్చినట్టు కనిపించవు. బొడిపె పొడవు పుర్రె పొడవులో ఎన్నో వంతు? నుదుటి ఎముక మధ్యలో గట్టు ఉందా? అన్నిటికన్నా ముఖ్యంగా, క్వాడ్రేట్ ఎలా ఉంది? పుర్రెకూ కింది దవడకూ మధ్య కీలులా నిలిచే ఎముక అది. మోససార్లలో దాని పైభాగం నుంచి వెనక్కి ఒక కొక్కెం వంగి ఉంటుంది. ఆ కొక్కెం ఎంత కిందికి దిగింది, ఎంత లావుగా ఉంది అన్నవి జాతినిబట్టి మారతాయి. అరచేతిలో పట్టే ఈ ఎముక దొరికితే మోససార్ నిపుణుల ముఖం వెలిగిపోతుంది. అందమైన పళ్ళ వరుస ఫొటోకు పనికొస్తుంది, జాతిని చెప్పేది మాత్రం తరచుగా ఇదే.

ఈ లక్షణాలన్నీ ఒక పెద్ద పట్టికలో అంకెలుగా నింపుతారు. బొడిపె లేకపోతే 0, ఉంటే 1, ఇలా. ఎముక విరిగిపోయి ఉంటే ప్రశ్నార్థకం. ఇతర జాతుల వరుసల పక్కన మన పుర్రె వరుసను కూడా పెట్టి, అతి తక్కువ మార్పులతో అన్నిటినీ కలిపే వంశవృక్షాన్ని కంప్యూటర్ చేత వెతికిస్తారు. పద్ధతి చూడటానికి నిష్పాక్షికంగానే ఉంటుంది. కానీ "కొక్కెం పొడుగ్గా ఉంది" అన్నదానికి ఎక్కడ గీత గీసి 0ని 1 చేయాలో నిర్ణయించేది మనిషే. ప్రశ్నార్థకాలు ఎక్కువైన వరుస ఆ వృక్షంలో ఏ కొమ్మ మీదైనా వాలగలదు.

ఇంకో ఇబ్బంది. మన పుర్రెను చివరికి పోల్చవలసింది హోలోటైప్‌తోనే. ప్రోరైగర్ హోలోటైప్ హార్వర్డ్‌లోని మ్యూజియంలో ఉంది. అది మూతి ముందు భాగమూ కొన్ని వెన్నుపూసలూ మాత్రమే. మన దగ్గర క్వాడ్రేట్ ఉన్నా, హద్దురాయిలో అది లేదు. అప్పుడు మొదట ఆ హోలోటైప్‌తో సరిపోయిన నిండు పుర్రెలతో పోల్చి, వాటి ద్వారా హోలోటైప్‌దాకా వెళ్ళాలి. వంతెన మీద వంతెన. ఏ ఒక్కటి బలహీనమైనా పైవన్నీ ఊగుతాయి.

రాతిపొర వయసు కూడా సాయం చేస్తుంది. కాన్సస్‌లో నెపియోలికస్ కింది పొరల్లోనూ, ప్రోరైగర్ పై పొరల్లోనూ దొరుకుతాయి. అయితే పొరను చూసి జాతిని నిర్ణయించి, ఆ జాతిని చూపి పొర వయసును చెప్పడం మొదలుపెడితే గానుగెద్దు నడకే. జాగ్రత్తపరులు ముందు ఎముకలతో తీర్పు చెప్పి, పొరను సాక్షిగానే పిలుస్తారు.

తేడా జాతిదా, వయసుదా?

2005లో కాన్సస్ కింది పొరల నుంచి మూడో జాతి వచ్చింది: టైలోసారస్ కాన్ససెన్సిస్. మూతి బొడిపె పొట్టి, ఇంకా కొన్ని తేడాలు. పదకొండేళ్ళ తర్వాత, 2016లో, మరో బృందం ఇది వేరే జాతి కాదని రాసింది. వారి లెక్కన ఇవి నెపియోలికస్ పిల్లలు, వయసుతోపాటు బొడిపె సాగుతుంది. 2018లో ఇంకొకరు పుర్రె కొలతల పెరుగుదలను లెక్కగట్టి ఆ మాట కుదరదన్నారు. 2020లో మరో అధ్యయనం పుర్రెలను ఎదుగుదల వరుసలో పేర్చి, పిల్లలే అన్న పక్షానికి మొగ్గింది.

పదిహేనేళ్ళలో నాలుగు తీర్పులు. దీన్ని శాస్త్రవేత్తల అయోమయంగా చూడటం తేలిక. కానీ ప్రశ్న నిజంగానే కష్టమైనది. ఒకే జాతి పిల్లకూ పెద్దకూ పుర్రె ఒకే నిష్పత్తిలో పెరగదు. చిన్నపిల్లల కళ్ళు ముఖంలో ఎంత చోటు తీసుకుంటాయో చూస్తే చాలు. రెండు జాతులని అనేవారు ఒకే పరిమాణంలో ఉన్న పుర్రెల మధ్య కూడా తేడా చూపించాలి. ఒకటే జాతి అనేవారు మధ్య వయసువాటిని చూపి, ఒక రూపం ఇంకో రూపంగా మారే వరుసను నింపాలి. రెండు పనులకూ చాలా పుర్రెలు కావాలి. ఉన్నవి కొద్ది. అందులో కొన్ని నలిగినవి.

అలాగని ఎదగని జంతువుకు పేరు పెట్టకూడదన్న నియమం లేదు. జర్మనీలోని హోల్జ్‌మాడెన్‌లో 1978లో తవ్వి తీసిన ఒక పొడుగు మెడ ప్లీసియోసార్‌కు 2025లో ప్లీసియోనెక్టెస్ లాంగికోలమ్ అని పేరు పెట్టారు. అది పూర్తిగా ఎదగలేదని పేరు పెట్టినవారే చెప్పారు. తాము చూపుతున్న తేడాలు ఎదుగుదల వల్ల వచ్చేవి కావని వారి వాదన. వయసు తెలియడానికి సాధారణంగా పుర్రె ఎముకల మధ్య అతుకులు ఎంత మూసుకున్నాయి, వెన్నుపూసల భాగాలు కలిసిపోయాయా అని చూస్తారు. అయితే నీటిలో బతికే సరీసృపాల్లో ఈ అతుకులు పెద్దయ్యాక కూడా తెరిచే ఉండిపోవచ్చు. గడియారం ఉంది, కానీ నెమ్మదిగా నడుస్తుందని తెలిసి చూసుకోవాలి.

రాయి చెప్పే అబద్ధాలు, మనిషి చెప్పేవి

కోట్ల ఏళ్ళ బరువు కింద పుర్రె నలుగుతుంది. పక్కనుంచి నలిగితే ఎత్తుగా, ఇరుకుగా కనిపిస్తుంది. పైనుంచి నలిగితే వెడల్పుగా, చదునుగా. ఒకే జాతివి రెండు పుర్రెలు రెండు రకాలుగా నలిగితే రెండు జాతుల్లా కనిపిస్తాయి. దీనికి ఒక చక్కని పరీక్ష ఉంది. పుర్రె కుడి ఎడమలు అద్దంలో ప్రతిబింబాల్లా ఉండాలి. లేకపోతే, లేనంతమేరా అది రాతి పనే. జిఫోడ్రాకాన్ విషయంలో శాస్త్రవేత్తలు అంత ధైర్యంగా మాట్లాడటానికి పుర్రె నలగకపోవడం ఒక కారణం. ముక్కు రంధ్రం పక్కనున్న లాక్రిమల్ ఎముక మీద వేళ్ళలా పొడుచుకు వచ్చిన కొసలు కనిపించాయి. తెలిసిన మరే ఇక్తియోసార్‌లోనూ అవి లేవు. ఎముక పగిలి అలా అయ్యిందనడానికి వీల్లేని స్థితిలో పుర్రె ఉంది.

మనిషి చేసే మార్పులు ఇంతకన్నా గడుసువి. 19వ శతాబ్దంలో థామస్ హాకిన్స్ అనే సేకర్త ఇంగ్లండ్‌లోని ఇక్తియోసార్లను అద్భుతంగా సిద్ధం చేసేవాడు. 1834లో బ్రిటిష్ మ్యూజియం అతని సేకరణను కొన్నాక, లేని ఎముకల చోట ప్లాస్టరు ఎముకలు చేరాయని తేలింది. లోపం కనబడనివ్వకపోవడం అతని దృష్టిలో నేర్పు. కొలతలు తీసుకునేవారి దృష్టిలో విషం.

ఈ తగువు పాతకాలంతో పోలేదు. 2021లో మొరాకోలోని సిదీ చెన్నాన్ ఫాస్ఫేట్ గని నుంచి వచ్చిన ఒక దవడ ముక్క ఆధారంగా జెనోడెన్స్ అనే మోససార్‌కు పేరు పెట్టారు. చిన్న పళ్ళు, సొర చేపల పళ్ళలా పదునైన అంచులతో, ఒకదానికొకటి ఆనుకుని రంపంలా ఉన్నాయి. అలాంటిది మోససార్లలో ఎన్నడూ చూడలేదు. 2024 చివర్లో మరో బృందం అడ్డు పడింది. మోససార్ పన్ను తన గుంతను తన కణజాలంతోనే కట్టుకుంటుంది కాబట్టి పన్నుకొక గుంత ఉండాలి. ఈ ముక్కలో రెండేసి పళ్ళు ఒకే గుంతలో ఉన్నాయి. శిలాజాన్ని శాస్త్రవేత్తలు తవ్వలేదు, గని నుంచి చేతులు మారి వచ్చింది. అందువల్ల పళ్ళను ఎవరో అతికించి ఉండవచ్చని, సీటీ స్కాన్ తీసి చూడాలని వారు అడిగారు. ఎముకకూ జిగురుకూ మట్టికూ సాంద్రత వేరు కాబట్టి, కంటికి కనబడని అతుకు స్కాన్‌లో బయటపడుతుంది.

రెండో వైపు కూడా వినాలి. మొరాకో ఫాస్ఫేట్లలో మోససార్ల వైవిధ్యం నిజంగానే విపరీతం. గుండ్రటి గుండ్లలాంటి పళ్ళతో గవ్వలను పగలగొట్టిన గ్లోబిడెన్స్ కూడా అక్కడ ఉంది. ఎప్పుడూ చూడలేదన్న ఒక్క కారణంతో కొట్టిపారేస్తే మొదటి గ్లోబిడెన్స్‌నూ కొట్టిపారేయవలసి వచ్చేది. నా మట్టుకు నాకు ఇక్కడ ఆకారం కన్నా గుంతల అభ్యంతరమే బరువైనదిగా కనిపిస్తుంది. వింత పన్ను పుట్టడం పరిణామానికి మామూలే. పన్ను ఎముకలో నాటుకునే పద్ధతి ఒక్క జంతువులో మారిపోవడం అంత మామూలు కాదు.

ఒక్క పన్నుకు పేరు పెట్టవచ్చా?

1873లో ఫ్రాన్సులో ఆన్రి సోవాజ్ లియోప్లూరోడాన్ ఫెరాక్స్ (ప్లీసియోసార్లలో ఒకటి) అని పేరు పెట్టింది ఒక్క పన్నుకు, ఏడున్నర సెంటీమీటర్లు. తర్వాత అలాంటి పళ్ళున్న పుర్రెలు దొరికాయి కాబట్టి పేరు బతికింది. అదృష్టం అందరికీ ఉండదు. 1879లో రిచర్డ్ లిడెక్కర్ తిరుచిరాపల్లి ప్రాంతపు వెన్నుపూసలకు ఇక్తియోసారస్ ఇండికస్ అని పేరు పెట్టాడు. ఎన్నో ఇక్తియోసార్ల వెన్నుపూసలు ఒకేలా ఉంటాయి. ఆ పేరును దేనికీ ఖాయంగా అన్వయించలేక సందేహనామంగా పక్కన పెట్టారు. హద్దురాయి ఉంది, దానిమీద గుర్తులు లేవు.

దానికి ఎదురుగా, 2016లో కచ్ఛ్‌లోని లొడాయ్ గ్రామం దగ్గర దొరికిన ఇక్తియోసార్‌ను చూడండి. సుమారు ఐదున్నర మీటర్లు. భారతదేశంలో జురాసిక్ కాలానికి చెందిన మొదటి ఇక్తియోసార్. పుర్రెలో కొంత, తోకలో కొంత తప్ప దాదాపు అంతా ఉంది. 2017లో శిలాజ శాస్త్రవేత్త గుంటుపల్లి ప్రసాద్ బృందం దాన్ని ఇక్తియోసార్లలోని ఆఫ్తాల్మోసారిడ్ కుటుంబానికి చెందినదని చెప్పి, అక్కడే ఆగింది. కొత్త పేరు పెడితే వార్త ఇంకా పెద్దదయ్యేది. జాతిని తేల్చవలసిన భాగాల్లో కొన్ని లేనప్పుడు కుటుంబం వరకే చెప్పడం అసంపూర్తి గుర్తింపు కాదు. ఆ ఎముకలు అనుమతించినంత గుర్తింపు.

అయినా ఇందులో రెండు పక్షాలకూ న్యాయముంది. పేరు లేని శిలాజం డ్రాయరులో మరుగున పడుతుందని, పేరు పెడితే పోల్చేవారూ కాదనేవారూ వస్తారని విడగొట్టేవారు, అంటే తేడా కనిపిస్తే కొత్త పేరు పెట్టేవారు, అంటారు. 2024లో ఇంగ్లండ్‌లో రెండు మీటర్లు దాటిన కింది దవడ ఎముక ఆధారంగా ఇక్తియోటైటన్ అని ఒక ఇక్తియోసార్‌కు పేరు పెట్టినప్పుడు, రెండు వేరువేరు జంతువుల్లో ఒకే ఎముక మీద ఒకే లక్షణాలు కనిపించడం వారి బలం. బలహీనమైన పేర్లు జాతుల లెక్కను ఉబ్బిస్తాయని, ఆనాటి సముద్రాల్లో వైవిధ్యం ఎంతో చెప్పే లెక్కలన్నీ చెడతాయని కలిపేవారు, అంటే పాత పేరు కిందే సర్దేవారు, అంటారు. బెల్జియం నుంచి 1885లో వచ్చిన హైనోసారస్ అనే మోససార్‌ను కొందరు టైలోసారస్‌లో కలిపేశారు, కొందరు ఇప్పటికీ వేరుగానే ఉంచుతున్నారు. ఎముకలు అవే. ఎంత తేడాను పెద్ద తేడా అనాలన్న దగ్గరే తగువు.

హద్దురాయిని కూడా అప్పుడప్పుడు కొలవవలసి వస్తుంది. మోససారస్ హోఫ్‌మన్నికి 1822లోనూ 1829లోనూ పేరులోని రెండు మాటలూ వచ్చాయి గానీ, నేటి పద్ధతిలో నిర్ధారణ లక్షణాల పట్టీ లేదు. ఆ లోటు మీద ఆధారపడి, దాదాపు రెండు శతాబ్దాలపాటు ప్రపంచంలో పెద్ద మోససార్ పుర్రె ఎక్కడ దొరికినా మోససారస్ అనే పెట్టెలో వేస్తూ పోయారు. 2017లో హాలీ స్ట్రీట్, మైకేల్ కాల్డ్‌వెల్ పారిస్ పుర్రెను మళ్ళీ ఎముక ఎముకగా వర్ణించి, ఆ జాతిని కొత్తగా నిర్వచించి, పెట్టెలో ఉన్న ఒక్కొక్క పేరునూ దానితో సరిచూశారు. కొన్ని ఆ పెట్టెలో ఉండదగినవి కావని తేలింది. వాటిలోని పుర్రెలు ఇప్పుడు మళ్ళీ మొదటి ప్రశ్న దగ్గర నిలబడ్డాయి.